ధాన్యమునకు కోటలు: గాదె, పాతర

పంట పండించుట ఒక యెత్తు, పండిన గింజను నిలుపుకొనుట ఒక యెత్తు. పూర్వము రాజులు ధాన్యమును రాతి కట్టడములలో దాచిరి. గోలకొండలోని అంబర్ ఖానా అబ్దుల్లా కుతుబ్ షా కాలమున 1642లో నిర్మింపబడినదని శాసనము తెలుపుచున్నది. కడప జిల్లా గండికోటలోను పెద్ద రాతి ధాన్యాగారము కలదు. సామాన్య రైతునకు అంత రాయి, అంత సున్నము ఎక్కడివి? ఖమ్మము, భద్రాచలము అడవి అంచు పల్లెలలో అతడు చేతికందిన వెదురుతోనే గోడ కట్టుకొనెను. రాయిని మాత్రము అడుగున నిలిపెను.

ఆ ప్రాంతమున మేము చూచిన గాదెలో ప్రతి భాగమునకు ఒక పని కలదు. వెదురు బద్దలతో పెద్ద బుట్టవలె అల్లి, ఎఱ్ఱమన్ను, పేడ కలిపి లోపల వెలుపల మెత్తుదురు. రాళ్ళపై దుంగలు పరచి, దానిని నేలకు ఎడముగా నిలుపుదురు. ఇందువలన నేల చెమ్మ గింజకు ఎక్కదు, చెదలు పట్టినచో వెంటనే కంటబడును. గడ్డి కప్పు చూరు గోడకు వాన తగులనీయదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగినది. అట్టి వరదకు మూరెడు రాళ్ళు చాలవు. కాని ఏటేటి వానకాలపు చెమ్మకు చాలును.

మెట్ట సీమలలో జొన్నలకు పాతరలు త్రవ్వుట మరియొక పద్ధతి. మెరకనేలలో గొయ్యి తీసి, గడ్డి పరచి, గింజ నింపి, మూతిని మట్టితో బిగింతురు. గింజయు పురుగును లోని ప్రాణవాయువును పీల్చివేయగా బొగ్గుపులుసు వాయువు నిండును. అందు పురుగు బ్రతుకదు.

పురుగును చంపు ఆ వాయువే మనిషినీ చంపును. పాతర తెరచిన వెంటనే దిగరాదు. మూత తీసి చాలసేపు గాలి ఆడనిచ్చి, లాంతరును త్రాడుతో దింపి చూడవలెను. అది ఆరినచో దిగనే రాదు. వెలిగినను పూర్తిగా నమ్మరాదు. దిగువాని నడుమునకు మోకు కట్టి, పైన ఇద్దరు పట్టుకొని యుండవలెను. ఒకడు సొమ్మసిల్లినచో రక్షింపబోయి రెండవవాడు దుమికిన, ఇద్దరి ప్రాణములును పోవును. పైనుండియే మోకుతో లాగి, 108కి, అగ్నిమాపక కేంద్రమునకు కబురు చేయవలెను.

రైతు సోదరులారా! గాదె యైనను, గోనె సంచి యైనను సూత్రము ఒక్కటే. వడ్లలో తేమ 14 శాతమునకు మించకుండ ఎండబెట్టుడు. బస్తాలను చెక్కలపై పేర్చి, గోడకు మూరెడు ఎడముగా ఉంచుడు. క్రొత్త గింజ పోయుటకు ముందు గాదెలోని పాత గింజను ఊడ్చి, పగుళ్ళను మెత్తుడు. గత యేటి పురుగు దాగునది అందులోనే. విత్తనమును వేరుగా దాచుడు. మన పెద్దలు రాతి కోట కట్టలేదు. నాలుగు రాళ్ళతోనే గింజను కాపాడిరి.