పదో రోజు జలుబు, పొద్దుటి నోటి వాసన

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని షెర్బోర్న్ ఊళ్లో నథానియల్ హైమోర్ అనే వైద్యుడి దగ్గరికి ఒకావిడ హడలిపోతూ వచ్చింది. పై దవడలో కోరపన్ను పీకించుకున్నప్పటి నుంచి ఆ కన్నంలోంచి ఏదో ద్రవం ఆగకుండా కారుతోంది. ఎంత లోతుందో చూద్దామని ఆవిడ వెండి సూది దూర్చి చూసింది. సూది లోపలికి పోతూనే ఉంది. తర్వాత పక్షి ఈక ఒకటి తీసుకుని, నూగంతా దూసేసి, ఆ కాడను దూర్చింది. అది దాదాపు మొత్తం లోపలికి వెళ్లిపోయింది. మెదడుకే తగిలిందేమోనని ఆవిడ భయం. కాడ పైకి పోలేదనీ, బుగ్గ ఎముక లోపల సహజంగా ఉండే ఖాళీలో చుట్టుకుందనీ హైమోర్ నచ్చజెప్పి పంపాడు. 1651లో అచ్చయిన తన శరీర నిర్మాణ గ్రంథంలో ఆ ఖాళీని వర్ణిస్తూ ఈ సంగతి కూడా రాశాడు.

ఆ ఖాళీయే సైనస్. ముఖం ఎముకల్లో ఇలాంటివి నాలుగు జతలు ఉంటాయి. బుగ్గల వెనక ఒక జత, రెండు కళ్ల మధ్య తేనెపట్టులా చిన్న చిన్న అరలతో ఒకటి, నుదుట కనుబొమల పైన ఒకటి, ముక్కు వెనక బాగా లోపల ఇంకొకటి. బుగ్గలవీ కళ్ల మధ్యవీ పుట్టుకతోనే ఉంటాయి. నుదుటివి ఏడెనిమిదేళ్లకు గానీ సరిగా రూపం కట్టవు. కాబట్టి అయిదేళ్ల పిల్లాడు తల నొప్పి అని నుదురు చూపిస్తే, నుదుటి సైనస్‌ను నిందించడానికి అక్కడ ఇంకా చెప్పుకోదగ్గ సైనసే లేదు.

బుగ్గ సైనస్‌కు ఒక చిక్కుంది. దాని తూము అడుగున ఉండదు, పైకప్పుకు దగ్గర్లో ఉంటుంది. గదిలో చేరిన నీరు కిందికి పారి పోయే దారి లేదు, పైకి ఎక్కి పోవాలి. ఆ పని చేసేవి శైలికలు. లోపలి పొర మీద కంటికి కనబడని నూగులా ఉండి, సెకనుకు పది పదిహేను సార్లు కొట్టుకుంటూ, పలుచని జిగురు పొరను నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున తూము వైపు నెట్టుతుంటాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసర్‌క్లింగర్ ఈ కదలికను ఏళ్ల తరబడి గమనించాడు. సైనస్‌కు కింద వేరే రంధ్రం పెట్టినా, శైలికలు దాన్ని పట్టించుకోకుండా జిగురును ఆ పాత తూముకే మోస్తాయని తేల్చాడు. పై పెదవి కింద కోసి, ఎముక తొలిచి, చీము తీసే పాత ఆపరేషన్లు వెనకబడి, సన్నని ఎండోస్కోపుతో అసలు తూమునే తెరిచే పద్ధతి ముందుకు రావడానికి పునాది అదే.

శైలికలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసే పరీక్ష ఒకటుంది. శాకరిన్ రేణువును ముక్కు లోపలి మడత మీద, ముందు అంచుకు కొంచెం వెనగ్గా పెడతారు. మనిషి చీదకుండా, తుమ్మకుండా, తల వంచకుండా కూర్చోవాలి. రేణువు కరిగి, జిగురుతో పాటు వెనక్కి జరిగి, గొంతులోకి దిగినప్పుడు నోట్లో తియ్యదనం తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ముక్కులో మామూలుగా ఇరవై నిమిషాల లోపే తీపి తగులుతుంది. అరగంట దాటినా తగలకపోతే శైలికలు మందగించినట్టు. జలుబు చేసినప్పుడు జరిగేదీ ఇదే. వైరస్ దెబ్బకు పొర వాచి తూము మూసుకుంటుంది, నూగు నీరసిస్తుంది, లోపలిది లోపలే నిలిచిపోతుంది.

అంటే, జలుబు చేసిన దాదాపు ప్రతిసారీ సైనస్‌లు కూడా పూడుకుంటాయన్నమాట. 1994లో అమెరికా పరిశోధకులు కొత్తగా జలుబు చేసిన 31 మంది పెద్దవాళ్లకు సీటీ స్కాన్ తీశారు. వాళ్లలో 27 మందికి బుగ్గ సైనస్‌లలో తేడా కనబడింది. రెండు వారాలు దాటాక వారిలో 14 మందికి మళ్లీ స్కాన్ తీస్తే, 11 మందికి పూర్తిగానో చాలా వరకో తగ్గిపోయింది. ఎవరూ యాంటీబయాటిక్ మింగలేదు. మామూలు జలుబులో ఎక్స్‌రే తీయించి, ‘సైనస్‌లో నీరు చేరింది’ అని గాభరా పడటంలో అర్థం లేదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

మరి బాక్టీరియా చేరిందని ఎలా పోల్చుకోవడం? చీమిడి రంగును చూసి కాదు. పచ్చగా, ఆకుపచ్చగా మారిందంటే తెల్ల రక్తకణాలు పెద్ద ఎత్తున అక్కడికి వచ్చి చేరాయని అర్థం. ఆ రంగు వాటిలోని ఒక ఎంజైముది. వైరస్ జలుబులో కూడా మూడో నాలుగో రోజుకు చీమిడి ఇలాగే చిక్కబడుతుంది. రంగు కన్నా క్యాలెండర్ ఎక్కువ చెబుతుంది. పది రోజులు దాటినా ఏ మాత్రం తగ్గుముఖం పట్టకపోవడం ఒక గుర్తు. అయిదారు రోజులకు తేరుకున్నట్టే ఉండి, మళ్లీ జ్వరం, నొప్పి, చీము తిరగబెట్టడం రెండోది. మొదటి రోజు నుంచే 102 డిగ్రీలు దాటిన జ్వరం, చీము లాంటి చీమిడి వరసగా మూడు నాలుగు రోజులు వదలకపోవడం మూడోది. ఈ మూడింట్లో ఏదీ లేకపోతే అది చాలావరకు వైరస్ పనే. పెద్దవాళ్ల జలుబుల్లో బాక్టీరియా దాకా వెళ్లేవి నూటికి ఒకటో రెండో.

ఇక్కడే మన మెడికల్ షాపుల దగ్గర రోజూ జరిగే తప్పు గురించి గట్టిగా చెప్పాలి. ముక్కు బిగుసుకుని రెండు రోజులు కాకముందే, డాక్టరు చీటీ లేకుండా, మూడు రోజుల యాంటీబయాటిక్ కొనుక్కుపోయేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 2012లో అమెరికాలో సైనస్ ఇన్ఫెక్షన్ లక్షణాలున్న 166 మందిలో సగం మందికి అమాక్సిసిలిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. మూడో రోజుకు రెండు జట్లకూ తేడా లేదు, పదో రోజుకూ లేదు. పైపెచ్చు అక్కర్లేని మందు విరేచనాలు తెస్తుంది, నిజంగా అవసరమైన నాడు మందుకు లొంగని బాక్టీరియాను ఒంట్లో పెంచుతుంది.

ఇంకో పొరపాటు కూడా అంతే మామూలు. ఏళ్ల తరబడి ‘నాకు సైనస్ ఉంది’ అని చెప్పుకుంటూ, ఎండలోకి వెళ్లినా నిద్ర తక్కువైనా నుదురు పట్టుకుని కూర్చునే వాళ్లలో చాలామందిది మైగ్రేన్. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సైనస్ తలనొప్పి అనుకుంటున్న 2,991 మందిని పరీక్షిస్తే, నూటికి 88 మందికి మైగ్రేన్ తరహా తలనొప్పి ఉన్నట్టు తేలింది. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్లు నీరు పెడతాయి, బుగ్గల దగ్గర బరువుగా ఉంటుంది. వికారం, వెలుతురు చూడలేకపోవడం, గంటల్లో వచ్చి పోవడం, చీము లేకపోవడం చూస్తే తేడా తెలుస్తుంది.

ఉపశమనానికి అన్నిటికన్నా నమ్మదగ్గది ఉప్పునీటితో ముక్కు కడగడం. యోగాభ్యాసంలో జలనేతి పేరుతో మనకు ఎప్పటినుంచో తెలిసిందే. అర లీటరు నీటికి ముప్పావు టీస్పూను ఉప్పు, చిటికెడు వంట సోడా చాలు, మంట ఉండదు. నీళ్ల విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. కాచి చల్లార్చినవే వాడాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లు నేరుగా నేతి పాత్రలో పోసి ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడు తినే అమీబా సోకి చనిపోయారు. ఆ నీళ్లు తాగితే ఆ అమీబా ఏమీ చేయదు; ముక్కు పైభాగం నుంచి వాసన నరం వెంట మెదడులోకి పాకుతుంది. కేరళలో ఇటీవలి సంవత్సరాల్లో బయటపడిన అమీబా మెదడువాపు కేసులు చూశాక ఈ జాగ్రత్త మనకూ దగ్గరి విషయమే.

ఆవిరి పడితే కాసేపు హాయిగా ఉంటుంది, రోగం తగ్గదు. ఇంగ్లండ్‌లో దీర్ఘకాలపు సైనస్ బాధ ఉన్నవాళ్ల మీద జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో ఉప్పునీటి కడుగుడు కొంత మేలు చేసింది, ఆవిరి చెప్పుకోదగ్గ మేలేమీ చేయలేదు. కరోనా మొదలైన 2020లో ఆవిరి గిన్నెలు ఒలికి కాళ్లూ ఒళ్లూ కాలిన పిల్లలు ఒక్కసారిగా పెరిగిపోయారని బర్మింగ్‌హామ్ కాలిన గాయాల వైద్యులు హెచ్చరించారు. మరుగుతున్న గిన్నె ముందు దుప్పటి కప్పి పిల్లల్ని కూర్చోబెట్టడం మానుకోవలసిన అలవాటు. ముక్కు తెరుచుకునే చుక్కలు నాలుగైదు రోజులకు మించి వాడితే, మందు దిగగానే ముక్కు మునుపటి కన్నా గట్టిగా బిగుసుకుంటుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ బిగింపు. చిన్నపిల్లలకు జలుబు సిరప్‌లు పట్టించేవాళ్లు సీసా మీద అక్షరాలు చదవాలి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయాలంటూ 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

ఇంట్లో ఉండకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు కొన్ని. కంటి చుట్టూ వాపు, ఎరుపు, చూపు రెండుగా కనబడటం, నుదుట మెత్తని ఉబ్బు, మెడ బిగుసుకోవడం. కళ్ల మధ్య సైనస్‌కూ కంటి గుంతకూ నడుమ గోడ కాగితమంత పలుచన. పిల్లల్లో చీము త్వరగా కంటి వైపు దాటుతుంది. మధుమేహం అదుపులో లేనివాళ్లకు ఒక వైపు బుగ్గ మొద్దుబారినా, ముక్కులోంచి నల్లటి చెక్కు రాలినా గంటలు లెక్కపెట్టాల్సిందే. 2021లో కరోనా తర్వాత వచ్చిన మ్యుకోర్ ఫంగస్ అలాంటిదే. ఆ మే నెలలో తెలంగాణ దాన్ని తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుగా ప్రకటించింది, హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులకు ప్రధాన కేంద్రమైంది.

బుగ్గ సైనస్ నేల కిందే పై దవడ పళ్ల వేళ్లు ఉంటాయి. ఆ పన్ను వేరు కుళ్లితే చీము సైనస్‌లోకి ఎక్కుతుంది. ఒకే వైపు ముక్కులోంచి చెడు వాసనతో చీము వస్తూ, ఎన్ని మందులు మింగినా తగ్గని పెద్దవాళ్లను ఈఎన్‌టీ డాక్టరు పంటి డాక్టరు దగ్గరికి పంపేది అందుకే.

పిల్లల్లో ఒకే వైపు ముక్కు కంపు కొడితే మొదటి అనుమానం వేరు. శనగ గింజ, చింతపిక్క, స్పాంజి ముక్క, పూస, సుద్దముక్క: రెండు నుంచి అయిదేళ్ల పిల్లలు ముక్కులో దూర్చుకోని వస్తువు లేదు. దూర్చుకున్న సంగతి చెప్పరు. వారం పది రోజులకు ఆ వైపు నుంచే కుళ్లు వాసనతో చీమిడి కారడం మొదలవుతుంది, నోరు కూడా వాసన వస్తుంది. ఇంట్లో పిన్నీసులతో, చిమటాలతో కెలికితే వస్తువు వెనక్కి జారి ఊపిరితిత్తుల్లో పడే ప్రమాదముంది. గింజ అయితే నీళ్లు పోయకూడదు, ఉబ్బుతుంది. న్యూజెర్సీలోని ఒక డాక్టరు 1965లో వర్ణించిన పద్ధతి ఇప్పటికీ అత్యవసర విభాగాల్లో వాడుకలో ఉంది. డాక్టరు సమక్షంలో తల్లి బిడ్డ నోటి మీద నోరు ఆనించి, బాగున్న ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి, ఒక్కసారి గట్టిగా ఊదుతుంది. గాలి వెనక నుంచి తోసి వస్తువును బయటికి నెడుతుంది. పది మందిలో సుమారు ఆరుగురికి ఇంతటితో సరిపోతుంది. బిడ్డకు అది అమ్మ ముద్దే, కాళ్లూ చేతులూ పట్టుకుని అదిమే పని లేదు. బొమ్మల్లోని బిళ్ల బ్యాటరీ అయితే మాత్రం ఏ ప్రయోగాలూ వద్దు. తడి తగిలితే కరెంటు ప్రవహించి, కొన్ని గంటల్లోనే ముక్కు నడిమి గోడను తినేస్తుంది.

ఇవి కాక రోజువారీ నోటి వాసన ఉంది. చాలా ఇళ్లలో దీనికి పొట్టను తప్పుపడతారు, నులిపురుగుల మందు పోస్తారు. నులిపురుగుల మందు వేళకు వేయడం మంచిదే గానీ, వాసనకు కారణం చాలాసార్లు నోట్లోనే ఉంటుంది. అన్నవాహిక మామూలుగా మూసుకునే ఉంటుంది; పొట్టలోని గాలి అదే పనిగా నోట్లోకి రాదు. కెనడాలో జోసెఫ్ టోంజెటిచ్ నోటి గాలిని యంత్రాలతో విడగొట్టి చూసి, ఆ కంపు ప్రధానంగా గంధకపు వాయువులదని చూపించాడు. నాలుక వెనక భాగాన, పళ్ల సందుల్లో, టాన్సిల్ గుంటల్లో గాలి తగలకుండా బతికే బాక్టీరియా, మిగిలిన తిండినీ రాలిన కణాలనూ తిని ఆ వాయువులు వదులుతుంది. వేపపుల్లతో పళ్లు తోముకున్నాక అదే పుల్లను చీల్చి నాలుక గీసుకునే మన పాత అలవాటు సరైన చోటికే గురి పెట్టింది.

పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్లకు పై ముందు పళ్లు మొదట పుచ్చుతాయి. కింది వాటిని నాలుకా లాలాజలమూ కాపాడతాయి, పై వాటి మీద పాలు రాత్రంతా నిలిచి ఉంటాయి. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గుతుంది, అందుకే పొద్దున్నే వాసన అందరికీ ఉంటుంది, తోముకుంటే పోతుంది. తోముకున్నా పోకపోతే పుచ్చిన పన్ను, వాచిన చిగురు, టాన్సిల్స్‌లో తెల్లటి గడ్డలు వెతకాలి. అరుదుగా, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, చిక్కిపోవడం, రొప్పుతో పాటు పండిన పండు లాంటి తీపి వాసన వస్తే అది మధుమేహం ముదిరిన లక్షణం. ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి.

నోరు తెరుచుకుని గురక పెట్టే బిడ్డ విషయానికి వస్తే, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు పెరిగి దారి మూసేసి ఉండొచ్చు. రాత్రంతా నోటితో ఊపిరి తీస్తే నోరు ఎండిపోతుంది, ఎండిన నోట్లో బాక్టీరియా బలుస్తుంది. వెనక దారి మూసుకుంటే సైనస్‌ల జిగురు కూడా నిలుస్తుంది. ఎడినాయిడ్లు మూడు నుంచి ఏడేళ్ల మధ్య పెద్దగా ఉండి, ఆ తర్వాత వాటంతటవే కుంచించుకుపోతుంటాయి. చాలామంది పిల్లలకు ఉప్పునీటి చుక్కలు, డాక్టరు చెప్పినన్ని వారాలు స్టెరాయిడ్ స్ప్రే సరిపోతాయి. స్ప్రే కొట్టేటప్పుడు ఎడమ రంధ్రానికి కుడి చేయి, కుడి రంధ్రానికి ఎడమ చేయి వాడితే మందు నడిమి గోడకు తగలకుండా పక్కకు పోతుంది, రక్తం చిమ్మదు. నిద్రలో ఊపిరి మధ్యమధ్య ఆగుతుంటే, చెవి వినికిడి తగ్గితే ఆపరేషన్ మాట వస్తుంది. అలాంటి అనుమానం ఉన్నప్పుడు బిడ్డ నిద్రపోయే తీరును ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి తీసుకెళ్తే డాక్టరు పని సులువవుతుంది.