పీవీసీ గొట్టముల రోబో

"పరికరములు లేవు గదా, ప్రయోగము లెట్లు చేయుదుము?" అని మన విద్యార్థులు మమ్ము తఱచుగా నడుగుదురు. వారి నిమిత్తమే యీ సంగతిని వ్రాయుచున్నాము.

అమెరికాలోని ఫీనిక్సు నగరమున కార్ల్ హేడెన్ హైస్కూలు కలదు. అందలి నలుగురు విద్యార్థులు 2004వ సంవత్సరమున నీటిలో పనిచేయు రోబోల పోటీకి పోయిరి. వారు మెక్సికోనుండి వలసవచ్చిన పేదకుటుంబముల పిల్లలు. ఒడ్డున నుండి తీగద్వారా రోబోను నడిపి, ఈతకొలను అడుగున కొలతలు తీయుట, ద్రవమును తోడితెచ్చుట మొదలగునవి యందలి పరీక్షలు.

వారు నీటికుళాయిలకు వాడు పీవీసీ గొట్టములతో, సుమారు 800 డాలర్ల వ్యయమున, దానిని నిర్మించిరి. గొట్టములలోని గాలి రోబోను తేల్చును. వానిలోపలనే తీగలు తడియక యుండును. జిగురు కంపునుబట్టి దానికి 'స్టింకీ' యని పేరిడిరి.

పోటీస్థలమగు శాంటా బార్బరా చేరిన పిమ్మట బ్యాటరీపెట్టెలోనికి నీరూరుట కనిపెట్టిరి. తడి తగిలిన విద్యుత్పరికరములు చెడును. పెట్టెను మార్చుటకు వ్యవధి లేదు. అంగడిలో దొరకు, నీరు పీల్చు దూదిచుట్టలను కొనితెచ్చి లోపల నమర్చిరి. యంత్రము చెడక పనిచేసెను. కళాశాలల విభాగమున పోటీచేసిన యా హైస్కూలు బాలురు ప్రథమ బహుమానమును గెలిచిరి. లోకప్రసిద్ధమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు ద్వితీయస్థానమున నిలిచిరి.

ధనము వారిని గెలిపింపలేదు. చేతనున్న వస్తువు స్వభావమును వారెఱుంగుదురు. లోపము కనబడినప్పుడు దానిని దాచక, కలసి యాలోచించిరి. బాలబాలికలారా, తలిదండ్రులారా, మన ప్రయోగశాల చిన్నదే. అయినను రెండు కొనలు మూసిన గొట్టపుముక్కను నీటిలో వేసి "ఇది యేల తేలును?" అని యడుగుటకు రూకతో నక్కఱలేదు.