మీకు తెలుసా? అంబులెన్స్ కన్నా ముందొచ్చే చేతులు!

గుండె ఆగితే మెదడు ఎంతసేపు తట్టుకుంటుందో తెలుసా? 4 నిమిషాలు! ఆ తర్వాత దెబ్బతినడం మొదలవుతుంది. మండల కేంద్రంలో బయల్దేరిన అంబులెన్స్ ఊరి పొలిమేర దాటేసరికి ఆ గడువు ఎప్పుడో అయిపోతుంది! మరి ఆలోపు రాగలిగేదెవరు? పక్కింటివాళ్లే! అందుకే పల్లెల్లో ప్రథమ చికిత్స శిక్షణ మామూలు మనుషులకే ఇవ్వాలి.

మొదటి పాఠం ఛాతీ నొక్కడం. సుతారంగా అనుకున్నారా? కానేకాదు! పెద్దవాళ్లకైతే రొమ్ము ఎముక కనీసం 5 సెంటీమీటర్లు కిందికి దిగాలి! మోచేతులు వంగకూడదు. సెకనుకు దాదాపు రెండుసార్లు నొక్కాలి. ఎంత బలవంతుడికైనా కాసేపటికే చేతులు లాగేస్తాయి. అందుకే ఊళ్లో ఒక్కరికి నేర్పితే చాలదు!

ఛాతీ నొక్కడం నేర్చుకునే బొమ్మకున్న ముఖం ఎవరిదో చెప్పుకోండి చూద్దాం! పారిస్‌లో సెన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే ఓ అమ్మాయి ముఖమట అది! ఆమె పేరు ఈనాటికీ ఎవరికీ తెలియదు. నార్వేలో ఆటబొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ 1960లో ఆ ముఖంతోనే ఈ శిక్షణ బొమ్మను తెచ్చాడు. ఊపిరందక పోయిందంటున్న పిల్ల, ఊపిరి పోయడం లోకానికంతా నేర్పుతోంది! నాకైతే ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక మన పొరుగునే, మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలికి రండి! డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు అక్కడి పల్లె ఆడవాళ్లకే పసికందుల వైద్యం నేర్పారు. పుట్టీ పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం, జబ్బు సోకితే సూది మందు ఇవ్వడం... అన్నీ వాళ్లే! నెత్తిన ఆసుపత్రి కప్పు లేదు. గుడిసెలోనే వైద్యం! మూడో ఏడు తిరిగేసరికి, ఈ వైద్యం అందని పల్లెలతో పోలిస్తే నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయి! మళ్లీ చదవండి, 62!

మందు పేరు చదవడం రాకపోతే? ఆస్ట్రేలియా మారుమూల పల్లెలకు విమానాల్లో వైద్యం అందించేవాళ్లు 1942లోనే ఉపాయం కనిపెట్టారు! మందుల పెట్టెలో ప్రతి మందుకూ ఓ అంకె వేశారు. డాక్టర్ రేడియోలో ఆ అంకె చెబితే చాలు. చేతికి సరైన మందే వచ్చేది!

పాముకాటుతో మన దేశంలో ఏటా ఎందరు పోతున్నారో తెలుసా? సగటున 58 వేల మంది! ఇక్కడ నేర్పేది చేయకూడని పనులే ఎక్కువ. తాడు బిగించొద్దు! బ్లేడుతో కోయొద్దు! నోటితో పీల్చొద్దు! నడిపించొద్దు! కాటు పడ్డ కాలిని, ఎముక విరిగిన కాలిలా కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. అంతే!

మరి అలా ఆసుపత్రికి చేర్చే 108 బండి నడిపేవారిని ఏమంటారు? పైలట్! 2005లో హైదరాబాద్‌లో మొదలైన సేవ ఇది. బండి దారిలో ఉండగానే కాన్పు చేసిన సిబ్బంది ఎందరో!

రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవారిని ఆదుకుంటే పోలీసుల చుట్టూ తిరగాలని భయమా? మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ మీకు అండ! ఆసుపత్రిలో చేర్చి నిశ్చింతగా ఇంటికెళ్లొచ్చు. పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతపెట్టకూడదు!