డైవింగ్ అయ్యాక దీవిలో ఇంకొన్నాళ్లు: అండమాన్ విశేషాలు

అండమాన్‌లో స్కూబా డైవింగ్ అంటే చాలామంది నేరుగా స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్) చేరుకుంటారు. సముద్రంలోకి దిగి పగడపు దిబ్బలు చూసి, మర్నాడే ఇంటిదారి పడతారు. ఆ తొందర ఒంటికి మంచిది కాదు. పైగా నీటి అడుగున చూసిన కథలో సగం నేల మీద ఉంటుంది, అది చూడకుండానే వెళ్లిపోయినట్టవుతుంది. ఇవిగో ఆ సగంలోంచి కొన్ని సంగతులు.

విమానం ఎందుకు ఆగాలి?
నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మన మీద ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. ఆ ఒత్తిడికి, పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక అదంతా ఊపిరితో పాటు మెల్లగా బయటికి పోవాలి. ఈలోపే విమానం ఎక్కితే చిక్కు. క్యాబిన్‌లో గాలి పీడనం సుమారు రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. గోళీ కొట్టగానే సోడా పొంగినట్టు, మిగిలిన నత్రజని ఒంట్లో బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. అందుకే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ ఒకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి గానీ రోజుల తరబడి గానీ చేస్తే కనీసం 18 గంటలు ఆగమంటుంది. పైకి వస్తూ మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సినంత లోతైన, సుదీర్ఘమైన డైవ్‌లకైతే 24 గంటలకు మించే ఆగాలి.

ఓడకు ఈ బాధ లేదు
విమానం దిగిన రోజే డైవింగ్ చేసినా నత్రజనితో ఇబ్బంది లేదు, ప్రమాదమంతా తిరుగు ప్రయాణంలోనే. ఓడ సముద్రమట్టంలోనే నడుస్తుంది కనుక ఈ గంటల లెక్క దానికి వర్తించదు. చెన్నై, కోల్‌కతాలతో పాటు మన విశాఖపట్నం నుంచీ అండమాన్‌కు ప్రయాణికుల ఓడలున్నాయి. ప్రయాణం రెండు మూడు రోజులు పడుతుంది. విశాఖ ఓడలు తక్కువ కాబట్టి తేదీలు ముందే కనుక్కోవాలి.

మేకల మీద కట్టిన లెక్కలు
డైవర్లు దశలవారీగా ఆగుతూ పైకి రావాలన్న పద్ధతికి పునాది వేసినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. పీడనం పెంచిన గదుల్లో మేకలను ఉంచి, ఎంత వేగంగా పీడనం తగ్గిస్తే అవి కుంటుతున్నాయో గమనించాడు. ఆ పట్టికలు 1908లో అచ్చయ్యాయి. నేటి డైవర్ల చేతి కంప్యూటర్లు చేసే లెక్కకు మూలం అక్కడే ఉంది.

నోటు మీది కొండ
పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక ఉన్న కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ మౌంట్ హారియట్ మీంచి కనిపించే దృశ్యమే. 1891 యుద్ధం తర్వాత మణిపూర్ మహారాజు కులచంద్ర సింగ్‌నూ ఆయన అనుచరులనూ బ్రిటిష్‌వాళ్లు ఇక్కడే నిర్బంధించారు. వారి జ్ఞాపకార్థం 2021లో దీనికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. డైవింగ్ శిక్షణలో 300 మీటర్లు దాటిన ఎత్తును ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు. ఈ కొండ ఆ ఎత్తు దాటుతుంది. అందుకే దీన్ని చివరి రోజుకు పెట్టుకోండి.

కాకినాడ గడియారం, అండమాన్ సూర్యుడు
మన దేశ కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నా గడియారం అదే. దాంతో అక్కడ సూర్యుడు దాదాపు 40 నిమిషాలు ముందే నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే పొద్దు గూకుతుంది. చూడాల్సినవన్నీ పొద్దున్నే మొదలుపెట్టాలి.

పగడం కట్టిన వంతెన
షహీద్ ద్వీప్‌లో (పాత పేరు నీల్) సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంది. పోటు మీద వెళితే దాని దాకా నడవలేరు. ఆటు సమయం కనుక్కుని వెళ్లాలి. నీరు తీసిన రాళ్ల మధ్య మడుగుల్లో సముద్రపు దోసకాయలు నల్లగా పడుంటాయి, చిన్న పీతలు పగుళ్లలోకి దూరుతుంటాయి, వేలెడంత చేపలు మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే తిరుగుతుంటాయి. రాతిని దగ్గరగా చూడండి. తేనెతుట్టెలాంటి గళ్లు కనిపిస్తాయి. అవి ఒకనాటి పగడాలు. డైవింగ్‌లో ప్రాణంతో చూసినవి ఇక్కడ రాయై నిలిచాయి.

చేప నమిలిన ఇసుక
పగడపు దీవుల తెల్లని ఇసుకలో కొంత భాగం చిలుకచేపల చలవ. రాతి మీది నాచు కోసం అవి పగడాన్ని కొరికి, గొంతులోని పళ్లతో నూరి, పిండిగా విసర్జిస్తాయి. నీటి కింద చెవి పెడితే ఆ కొరుకుడు కరకరమని వినిపిస్తుంది. డైవ్‌లో ఆ చప్పుడు విన్నవారు స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ బీచ్‌లో ఇసుకను చేతిలోకి తీసుకుని చూడాలి.

బారాటాంగ్: గుహలు, బురద
మడ అడవుల మధ్య సన్నని పాయలో బోటు మీద వెళ్లి, కాస్త నడిస్తే సున్నపురాతి గుహలు వస్తాయి. సముద్రజీవుల అవశేషాలు గట్టిపడితే సున్నపురాయి అయింది, దాన్ని వాన నీరు తొలిస్తే గుహలయ్యాయి. అదే దీవిలో బురద అగ్నిపర్వతాలున్నాయి. వాటిలో నిప్పు ఉండదు. భూమి లోపలి వాయువులు తోసిన చల్లని బూడిదరంగు బురద బుడగలుగా ఉబ్బి, టప్పున పగిలి, అంచుల వెంట జారుతుంది.

రోడ్డు మీద వెళితే జరావా తెగ రిజర్వులోంచి కాన్వాయ్‌లో పోవాలి. మధ్యలో ఆగడం, ఫోటోలు తీయడం నేరం. కిటికీలోంచి మనుషుల కోసం వెతకడం కూడా మానుకుందాం. అది వాళ్ల ఇల్లు, మనం దాటిపోతున్నామంతే.

లేచిన నేల, కుంగిన నేల
2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు పైగా లేచింది. నీళ్లలోని పగడాలు బయటపడి ఎండకు చచ్చిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ వైపు నేల కుంగింది. వండూర్ దారిలో సిప్పీఘాట్ దగ్గర ఒకప్పటి పొలాల్లో సముద్రపు నీరు నేటికీ నిలిచి కనిపిస్తుంది.

సెల్యులార్ జైలు
2024లో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక్కో గది 4.5 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు, వెలుతురుకు మూడు మీటర్ల ఎత్తున ఒక కిటికీ. ఒక వరుస ముఖం పక్క వరుస వీపు వైపు ఉండేలా కట్టారు, ఖైదీకి ఖైదీ కనబడకూడదని. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. మన్యం నుంచి ఈ గోడల మధ్యకు వచ్చినవారిని తలుచుకుంటూ, ఈ ఒక్కచోట తీరిగ్గా నడవండి.

దేశంలో ఏకైక సజీవ అగ్నిపర్వతం
శ్రీ విజయపురానికి ఈశాన్యంగా సుమారు 138 కిలోమీటర్ల దూరాన ఉన్న బ్యారెన్ దీవి అది. దాని విస్ఫోటనాన్ని 1787లో తొలిసారి నమోదు చేశారు. సుదీర్ఘకాలం నిద్రపోయి 1991లో మళ్లీ మేల్కొంది.

బజారులో మన మాట
2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 50 వేల మంది తెలుగును మాతృభాషగా చెప్పారు. ప్రతి వందమందిలో దాదాపు 13 మంది. వీరిలో ఎందరో ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలవారు. చేపల బజారులో తెలుగులో పలకరించి చూడండి. ఏ తీరం ఏ పూట బాగుంటుందో, పోటు ఎప్పుడొస్తుందో వాళ్లంత బాగా ఎవరూ చెప్పలేరు.

సంచిలో వేసుకోకూడనివి
తీరాన పడున్న పగడపు ముక్క చచ్చిందే అయినా తీసుకెళ్లకూడదు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, విమానాశ్రయం తనిఖీలో పట్టుకుంటారు. ఆ ముక్కే రేపు ఇసుకవుతుంది, దాని మీదే కొత్త పగడం పాతుకోవచ్చు. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు పాలిపోయాయి. తేరుకోవడానికి వాటికి ఏళ్లు కావాలి. మనవల్ల అయ్యే సాయం ఒక్కటే: అక్కడిది అక్కడే ఉండనివ్వడం, మన ప్లాస్టిక్‌ను మనమే వెనక్కి తెచ్చుకోవడం.