మోర్మన్లను పెంచింది ఎడారేనా? కొన్ని అపోహలు – వాస్తవాలు

అమెరికా పడమటి నేలల చరిత్ర అనగానే మనకు కౌబాయ్ సినిమాలే గుర్తొస్తాయి. గుర్రం, తుపాకీ, ఒంటరి మనిషి. మోర్మన్ల కథనూ చాలామంది ఆ మూసలోనే పోసి చెబుతారు: అడవిలో ఒక దర్శనం, ఎడారికి పరుగు, చెమటోడ్చి దాన్ని పచ్చగా మార్చడం. ఇందులో నిజం లేకపోలేదు. కానీ మిగతా వలసదారులు ఎవరి సేద్యం వారే చేసుకునేలా చేసిన ఆ కొత్త నేలలే, వీళ్ల చేత ఉమ్మడి బతుకు బతికించాయన్న అసలు సంగతి అందులో కనబడదు.

అపోహ: ఈ మతం నాగరికతకు దూరంగా, మారుమూల అడవిలో పుట్టింది.

ఈ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ పెరిగిన పాల్మైరా న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది. 1825లో పూర్తయిన ఈరీ కాలువ ఆ ఊరి పక్కనుంచే పోతుంది. పడవల మీద సరుకులు, బోధకులు, వార్తలు అన్నీ వచ్చేవి. మెథడిస్టులు, బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు ఒకే జనం కోసం పోటీపడి సభలు పెట్టేవారు. 1830లో ఆ ఊళ్లోని గ్రాండిన్ అచ్చాపీసు ఈ మతగ్రంథం 'బుక్ ఆఫ్ మోర్మన్' 5,000 ప్రతులు వేసింది. మారుమూల పల్లెలో అయ్యే పనా అది? ఆ ప్రాంతం అప్పటికే కుదురుకున్న సమాజమని చరిత్రకారుడు విట్నీ క్రాస్ 1950లోనే వివరంగా రాశాడు. ఈ మతం మీద కొత్త నేలల ప్రభావం బలంగా పడింది ఆ తర్వాతే.

అపోహ: మిస్సోరీలో వాళ్లను తరిమింది కేవలం మతద్వేషంతోనే.

మతద్వేషం ఉంది. దానికి భూమి, ఓటు, బానిసత్వం తోడయ్యాయి. 1831లో స్మిత్ మిస్సోరీలోని ఇండిపెండెన్స్ పట్టణాన్ని పవిత్ర నగరంగా ప్రకటించాక మోర్మన్లు గుంపులుగా వచ్చి దిగారు. కలిసి భూములు కొన్నారు, కలిసి ఓటేశారు, ఈ నేల దేవుడు మాకిచ్చిందన్నారు. పాత కాపురస్తుల్లో ఎక్కువమంది దక్షిణాది వాళ్లు, బానిసత్వాన్ని సమర్థించేవాళ్లు. ఉత్తరాది నుంచి వచ్చిన ఈ కొత్తవాళ్ల మీద వాళ్లకు అనుమానం. 1833లో మోర్మన్ల ముద్రణాలయాన్ని పడగొట్టి, ఆ ఏడాదిలోనే వాళ్లను కౌంటీ నుంచి వెళ్లగొట్టారు.

ఆ దాడులను ఆపే నాథుడు లేడు. ప్రజాసైన్యం పేరుతో తుపాకులు పట్టింది ఆ ఇరుగుపొరుగు వాళ్లే. మోర్మన్లూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1838 అక్టోబరులో గాలటిన్ ఊరి మీద పడి దుకాణం తగలబెట్టారు. ఆ నెల 27న గవర్నర్ బాగ్స్, మోర్మన్లను రాష్ట్రం నుంచి తరిమేయాలి, లేదా తుడిచిపెట్టాలి అని ఉత్తర్వు ఇచ్చాడు. మూడు రోజులకు హాన్స్ మిల్ దగ్గర 17 మంది మోర్మన్లను చంపారు. ఒక ప్రభుత్వం తన పౌరుల మీద ఇచ్చిన ఆ ఉత్తర్వు 1976 దాకా రద్దు కాలేదంటే గుండె కలుక్కుమంటుంది. మిస్సోరీ వదిలి ఇల్లినాయ్‌లో కట్టుకున్న నావూ నగరమూ దక్కలేదు. 1844 జూన్ 27న కార్తేజ్ జైల్లో ఉన్న స్మిత్‌ను గుంపు కాల్చి చంపింది.

అపోహ: ఎవరూ లేని ఎడారిని వాళ్లు సొంత కష్టంతో పండించారు.

ఎక్కువ మంది నమ్మేది ఇదే, ఎక్కువ సరిదిద్దాల్సిందీ ఇదే. 1847 జులైలో స్మిత్ తర్వాత నాయకుడైన బ్రిగమ్ యంగ్ నడిపిన ముందు బృందం నేటి యూటాలోని సాల్ట్ లేక్ లోయ చేరేనాటికి అక్కడ షోషోనీ, యూట్, గోషూట్ జాతులు ఉన్నాయి. 1849లో మోర్మన్లు కోట కట్టుకున్నది ప్రోవో నది పక్కన, యూట్‌లు తరతరాలుగా చేపలు పట్టుకునే చోట. 1850 ఫిబ్రవరిలో మోర్మన్ సాయుధ దళం వాళ్ల మీద దాడి చేసి ఎందరినో చంపింది. తమను తరిమిన పదేళ్లకే ఇంకొకరిని తరిమారు. దీన్ని దాటేసి చెప్పే ఏ కథా నాకు పూర్తి కథ అనిపించదు.

ఇక సేద్యం మాటకొస్తే, వాన తక్కువే గానీ వాసాచ్ కొండల మంచు కరిగి వాగులు దిగుతాయి. జులై 23న ముందుగా చేరినవాళ్లు నాగలి వేస్తే నేల గట్టిగా ఉంది. సిటీ క్రీక్ వాగుకు అడ్డుకట్ట వేసి, నీళ్లు మళ్లించి, నేల నానాక దున్ని బంగాళాదుంపలు నాటారు. వాగు, అడవి ఎవరి సొంతమూ కాదని యంగ్ తేల్చి చెప్పాడు. కాలువ తవ్వినవాడికి చేసిన పనిని బట్టి నీటి వాటా. మన చెరువుల కింద నీరటికాడు వంతులేసినట్టే అక్కడా నీటి పెద్ద ఒకడు ఏ పొలానికి ఎన్ని గంటలో చూసేవాడు. తగాదా వస్తే ఆ పేట బిషప్ తీర్చేవాడు.

నీటిని బట్టే ఊరి తీరు. మిగతా పడమటి నేలల్లో 1862 చట్టం కింద కుటుంబానికి 160 ఎకరాలిస్తే ఇల్లొకచోట, పొరుగిల్లు ఎక్కడో దూరాన. యూటాలో ఇళ్లన్నీ ఊళ్లో, చిన్న చిన్న కమతాలు ఊరి బయట. ఎవరు ఎక్కడ కాపురముండాలో చర్చి చెప్పేది. 1861లో 300కు పైగా కుటుంబాలను పత్తి పండించమని దక్షిణాన సెయింట్ జార్జికి పంపారు. 1877లో యంగ్ చనిపోయేనాటికి ఇలాంటి ఊళ్లు 300 దాటాయి.

అపోహ: కొత్త నేలల్లో ఆడవాళ్లు ఎక్కువై, దిక్కులేక బహుభార్యత్వం వచ్చింది.

జనగణనల ప్రకారం యూటాలో మగవాళ్లే ఎక్కువ. పైగా ఈ ఆచారం యూటా చేరకముందే, నావూలోనే మొదలైంది. కారణం మత విశ్వాసం. ఆ ఆచారాన్ని 1852లో బాహాటంగా ప్రకటించే ధైర్యాన్ని మాత్రం యూటా మారుమూలన ఉండటమే ఇచ్చింది.

అపోహ: అమెరికా పడమటి జనమే ఈ మతంలో చేరి దాన్ని పెంచారు.

1850లో యూటా జనాభా 11,380. అప్పటికే బ్రిటన్‌లో మోర్మన్లు 30 వేలు దాటారు. 1837లో ప్రెస్టన్‌లో మొదలైన ప్రచారం మిల్లు ఊళ్ల కూలీలను ఆకట్టుకుంది. వాళ్లకు సొంత పొలం అనే మాటే పెద్ద ఆశ. దారిఖర్చుకు 1849లో ఒక నిధి పెట్టారు. యూటా చేరి, సంపాదించి తిరిగి కట్టాలి. 1863లో లండన్ రేవులో అమెజాన్ ఓడ ఎక్కుతున్న 800 మందికి పైగా మోర్మన్లను చూడటానికి చార్లెస్ డికెన్స్ వెళ్లాడు. తప్పులు పట్టాలనే వెళ్లినవాడికి తాగినవాళ్లు, తిట్టుకునేవాళ్లు కనబడలేదు. మూలమూలనా కూర్చుని ఉత్తరాలు రాసుకుంటున్నవాళ్లు కనబడ్డారు. చేతిబండ్లు లాక్కుంటూ నడిచినవాళ్లే అందరికీ తెలుసు గానీ, 1869 లోపు యూటాకు వచ్చిన 70 వేల మందిలో వాళ్లు 3 వేలే. వాళ్లలో 1856లో మంచులో చిక్కుకుని 200 మందికి పైగా చనిపోయారు.

అపోహ: రైలు రావడంతో ఆ మతం పని అయిపోయింది.

1869 మే 10న ఖండాన్ని దాటే రైలుమార్గం యూటాలోనే కలిసింది. బయటి సరుకు ముంచెత్తుతుందని ముందే ఊహించి 1868లోనే చర్చి జడ్‌సీఎంఐ అనే సహకార దుకాణం పెట్టింది. ఫెడరల్ ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గి 1890లో కొత్త బహుభార్యా వివాహాలను ఆపేసింది. 1896లో యూటాకు రాష్ట్ర హోదా వచ్చింది. ఆ తర్వాత చర్చి, యూటాకు రమ్మన్న తన పాత పిలుపును మార్చుకుంది. యూటాకు రావద్దు, మీ దేశాల్లోనే ఉండి సంఘం కట్టుకోండి అంది. ఇవాళ సభ్యుల్లో సగం కంటే ఎక్కువ మంది అమెరికా బయటే ఉన్నారు. భారతదేశంలో స్టేక్ అనే వాళ్ల పెద్ద సంఘం మొదటిది 2012లో ఏర్పడింది. అది హైదరాబాద్‌లోనే.