మెదడు అదిరితే మెడకు వైద్యం

తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు ఒక్కసారిగా అదిరి, దాని పని కొంతకాలం గాడి తప్పుతుంది. దీన్నే కంకషన్ అంటారు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వెలుతురు సహించకపోవడం, మతిమరుపు, చికాకు దీని లక్షణాలు. స్కానింగ్‌లో సాధారణంగా ఏమీ కనబడదు. పెద్దవాళ్ళలో ఎక్కువమందికి రెండు వారాల్లో, పిల్లలకు నెల రోజుల్లో తగ్గుతుంది. త్వరగా తగ్గనివాళ్ళకే చేతి వైద్యం, అంటే కీళ్ళను, కండరాలను చేతులతో సరిచేసే చికిత్స, అవసరపడుతుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లా మెట్ట ప్రాంతంలోని తనకల్లు లాంటి చోట బండి మీద నుంచి పడితేనో, చింతకాయలు దులుపుతూ కొమ్మ జారితేనో ఇలాంటి దెబ్బ తగులుతుంది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోవడం రాయలసీమలో తరతరాల అలవాటు. అదే నమ్మకంతో తలకూ మర్దనా చేయించాలనిపించడం సహజం. కానీ పుర్రె లోపలి మెదడును ఏ చెయ్యీ సరిచేయలేదు. మెదడుతో పాటు దెబ్బతిన్న మెడను, లోపలి చెవిని మాత్రం చేయి బాగుచేయగలదు.

తల అదిరే విసురుకు మెడ కీళ్ళు, కండరాలు కూడా బెణుకుతాయి. మెడ పైభాగపు నరాలు, ముఖం నుంచి వచ్చే నరం మెదడు కాండంలో ఒకే చోట కలుస్తాయి కనుక మెడ నొప్పి తలనొప్పిగా తెలుస్తుంది. ఫిజియోథెరపిస్టు ఆ కీళ్ళను మెల్లగా కదిలించి, బిగిసిన కండరాలను వదులుచేసి, మెడను నిలబెట్టే వ్యాయామాలు నేర్పుతారు. కెనడాలో 12 నుంచి 30 ఏళ్ళ వయసున్న 31 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. మెడకు, శరీర సమతూకానికి కలిపి చికిత్స పొందిన 15 మందిలో 11 మంది ఎనిమిది వారాల్లో తిరిగి ఆటలకు సిద్ధమయ్యారు. ఆ చికిత్స అందనివాళ్ళలో ఒక్కరే కోలుకున్నారు. చిన్న పరీక్షే అయినా తేడా చాలా పెద్దది.

పక్కకు ఒత్తిగిలితే గది గిర్రున తిరిగినట్టుంటే కారణం లోపలి చెవి కావచ్చు. అక్కడి సన్నని కాల్షియం రేణువులు దెబ్బకు ఊడి అర్ధచంద్ర నాళాల్లో పడతాయి. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించిన పద్ధతిలో రోగిని పడుకోబెట్టి, తలను వరసగా కొన్ని కోణాల్లో తిప్పి ఆ రేణువులను వాటి చోటికి చేరుస్తారు. చాలామందికి ఒకటి రెండు సార్లకే తల తిరుగుడు ఆగిపోతుంది. పుర్రె ఎముకలను మృదువుగా తాకే క్రేనియోసేక్రల్ చికిత్సకు మాత్రం ఇంత ఆధారం లేదు.

మంగలి షాపులో మెడ పటపటమని విరిపించుకోవడం తలకు దెబ్బ తగిలిన స్థితిలో పెద్ద ప్రమాదం. మెడలోంచి మెదడుకు వెళ్ళే రక్తనాళం చీలితే పక్షవాతం రావచ్చు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు సెలూన్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగానే పక్షవాతం లక్షణాలు మొదలయ్యాయి. దెబ్బ తగిలాక వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా, మగత పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కు చెవుల నుంచి నీరు కారినా మర్దనా మాటే వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ప్రమాదం లేదని డాక్టరు తేల్చాక ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు. ఆపైన మెల్లని నడక మంచిది. పది రోజులు దాటినా మెడ నొప్పి, తల తిరుగుడు వదలకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాలి. వారం వారం అనంతపురమో తిరుపతో వెళ్ళిరాలేనివాళ్ళు వ్యాయామాలను మొదటిసారే బాగా నేర్చుకుని ఇంట్లో కొనసాగించవచ్చు.