శాసనసూచికలను స్ప్రెడ్‌షీటునకుఁ దెచ్చు విధము

కడప, కర్నూలు మండలముల శాసనములు తెలుఁగుదేశ చరిత్రమునకు మూలాధారములు. కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు గ్రామముల రేనాటిచోళ శాసనములు క్రీ. శ. ఆఱవ శతాబ్దికిఁ జెందినవి. జొన్నగిరి చెంత నున్న ఎఱ్ఱగుడి ధర్మలిపులు అంతకుఁ జాల పూర్వపువి, అశోకునివి. ఇట్టి శాసనముల సూచికలను నేఁడు గణకయంత్రమున ‘సి.ఎస్.వి.’ అను సాదా పాఠ్యపు ఫైళ్ళుగా నిలువచేయుట కలదు. ఆ ఫైలును ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీటులో నేరుగాఁ దెఱచినచో పాఠము చెడవచ్చును. అప్పుడు దోషము ఫైలునందుఁ గాదు, చదివిన తీరునందుఁ గలదు. గ్రంథపఠనమునకు వర్ణజ్ఞానము, పదచ్ఛేదము, అర్థనిర్ణయము అను మూఁడు మెట్లెట్లో ఇచటను అట్లే.

మొదటిది వర్ణజ్ఞానము. యంత్ర మెఱిఁగినవి సంఖ్యలే. యు.టి.ఎఫ్.-8 పద్ధతిని ప్రతి తెలుఁగు సంకేతమునకును మూఁడేసి బైట్లు పట్టును. శకటరేఫమగు ‘ఱ’కారము 224, 176, 177 అను సంఖ్యలుగా నుండును. వానినే పశ్చిమ యూరపు లిపిసంకేతము ననుసరించి చదివినచో స్వరచిహ్నము గల రోమకవర్ణ మొకటి, డిగ్రీగుర్తు, కూడిక తీసివేతల జంటగుర్తు కానవచ్చును. ఎఱ్ఱగుడి యను పేరు అట్లు గుర్తింపరానిదగును.

రెండవది పదచ్ఛేదము. ఈ ఫైళ్ళలో గడికిని గడికిని నడుమ కామా యుండును. ‘కలమళ్ళ, ఎఱ్ఱగుంట్ల’ యని ఊరిని మండలమును ఒకే గడిలో వ్రాసి దానిని జంట ఉద్ధరణచిహ్నముల నడుమ నుంపనిచో, అది రెండు గడులై రాజు పేరుండవలసిన చోట మండలము పేరు పడును. కామాకు బదులు ట్యాబు వాడుటయు మేలే.

మూఁడవది అర్థనిర్ణయము, మిక్కిలి ప్రమాద మిచటనే. శాసనశాఖ వార్షిక నివేదికలలోని శాసనమును వరుససంఖ్యతోను సంవత్సరముతోను ‘12/1904’ అను రీతిని పేర్కొనుట వాడుక. అది రూఢినామము. ఎక్సెల్ దానిని యౌగికముగాఁ గొని 1904 డిసెంబరు నెలగా మార్చును. మండపశబ్దమునకు గంజిఁ ద్రావునదియని అవయవార్థము చెప్పుటవంటి దిది. ‘380/1904’ మాత్రము చెడదు. ఏలయనఁగా 380వ నెల లేదు. వరుససంఖ్య పండ్రెండునకు మించనివే చెడి తక్కినవి నిలుచుటచే దోషము కంటఁబడదు. పిదప ఆ గడిని టెక్స్టుగా మార్చినను మూలరూపము రాక, దినసంఖ్యయగు 1797 నిలుచును. చూచువారు దానినొక సంవత్సరమని భ్రమింపవచ్చును. ‘00125’ అను తాళపత్రసంఖ్యయు ఇట్లే ముందటి సున్నలను గోలుపోయి 125 అగును.

కావున ఫైలును నేరుగాఁ దెఱవక, ఎక్సెల్‌లో ‘డేటా’ యను పట్టీనుండి ‘ఫ్రమ్ టెక్స్ట్/సి.ఎస్.వి.’ అనుదానిని గైకొనవలయును. అందు ‘ఫైల్ ఆరిజిన్’ అనుచోట 65001 సంఖ్యగల యు.టి.ఎఫ్.-8ను, ‘డిలిమిటర్’ అనుచోట కామానుగాని ట్యాబునుగాని, ‘డేటా టైప్ డిటెక్షన్’ అనుచోట రకములను గుర్తింపవలదను మాటను ఎన్నుకొనవలయును. అపుడు ప్రతి గడియు వ్రాసినది వ్రాసినట్లే వచ్చును. లిబ్రె ఆఫీస్ కాల్క్‌లో ఫైలు తెఱచునపుడే ప్రశ్నపత్ర మొకటి వచ్చును. అందు లిపిని, విభాజకమును నిర్ణయించి, సంఖ్యల వరుసను టెక్స్టుగాఁ జూపవలయును.

తెచ్చిన పిదప వరుసల మొత్తమును మూలముతో సరిపోల్చి, ‘ఱ’కారము గల ఊరినొకదానిని, కామా గల గడినొకదానిని, పండ్రెండునకు లోఁబడిన శాసనసంఖ్య నొకదానిని పరీక్షింపవలయును. మూలఫైలును ఎన్నఁడును తిరుగవ్రాయక వేఱుగా భద్రపఱుపవలయును. శిల ఊరిలో శిథిలమైనచో, దాని పాఠమును వెదకువానికి సూచికలోని సంఖ్యయే దారి. ఆ సంఖ్య నెలగా మాఱినచో పాఠము నివేదికయం దున్నను లేనిదానితో సమానము.